పుస్తకం తెరిచి రాసే పరీక్ష: హోషంగాబాద్ విజ్ఞాన శిక్షణ కార్యక్రమం (1972–2002) – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో 1972 నుండి 2002 వరకు సాగిన విజ్ఞాన శిక్షణ కార్యక్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రయోగాత్మక బోధనకు ఉదాహరణగా ఈ కార్యక్రమం విద్యారంగంలో ప్రసిద్ధం. అయితే దాని ముప్పయ్యేళ్ల మనుగడను, ఆకస్మిక విరమణను అర్థం చేసుకోవడానికి బోధన పద్ధతికన్నా పరీక్షాధికారం చరిత్రే ఎక్కువగా ఉపకరిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చివరి భాగం తెలుగు రాష్ట్రాలలో 2011 తర్వాత జరిగిన పాఠ్యపుస్తక, పరీక్షా సంస్కరణలను ఇదే కోణంలో స్పృశిస్తుంది.

కీలకపదాలు: విమర్శనాత్మక చింతన, ప్రభుత్వ పాఠశాల, హోషంగాబాద్, ఏకలవ్య, బాల్ వైజ్ఞానిక్, పరీక్షా సంస్కరణ.

1. ఉపోద్ఘాతం

విద్యార్థి సొంతంగా ఆలోచించాలి, ప్రశ్నించాలి, విన్నదాన్ని పరీక్షించి చూసుకోవాలి అన్న ఆకాంక్ష స్వతంత్ర భారతదేశపు విద్యాపత్రాలలో తరచుగా కనిపిస్తుంది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ పదవ తరగతి వరకు విజ్ఞానశాస్త్రాన్ని అందరికీ తప్పనిసరి చేయాలని సిఫారసు చేసింది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో చేరిన 51-ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుని ప్రాథమిక విధులలో ఒకటిగా పేర్కొంది. అయినా ప్రభుత్వ పాఠశాల తరగతి గదిలో విజ్ఞానశాస్త్ర బోధన అంటే నిర్వచనాలు చదివించడం, నోట్సు రాయించడం, వాటినే పరీక్షలో తిరిగి రాబట్టడం అన్న స్థితి చాలాకాలం కొనసాగింది.

ఆదర్శానికీ ఆచరణకూ మధ్య ఉన్న ఈ దూరానికి కారణాలు వెదికినప్పుడు వేలు సాధారణంగా బడివైపే చూపుతుంది. ఉపాధ్యాయుడికి తగిన తర్ఫీదు లేదనో, బడిలో పరికరాలు లేవనో, పల్లెటూరి పిల్లలకు అంత గ్రహణశక్తి ఉండదనో చెప్పడం పరిపాటి. చివరి కారణాన్ని అధికారపత్రాలు బాహాటంగా రాయవు గాని, విద్యాశాఖ సంభాషణల్లో అది ఎప్పుడూ ఉంటుంది. ఈ వాదనలన్నింటికీ హోషంగాబాద్ ముప్పయ్యేళ్ల పాటు ఆచరణలో సమాధానం చెప్పింది. అంత దీర్ఘకాలం నిలిచిన ప్రయోగం ఒక్క పాలనాపరమైన నిర్ణయంతో ఎలా ముగిసిందన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. రెండు సంస్థలు, పదహారు బడులు

దక్షిణాది నుండి ఢిల్లీ వెళ్లే రైలు ప్రయాణికులకు ఇటార్సీ జంక్షన్ పేరు సుపరిచితం. నర్మదా తీరాన ఉన్న హోషంగాబాద్ (నేటి నర్మదాపురం) జిల్లాలోదే ఆ జంక్షన్. జిల్లా కేంద్రానికి సమీపంలోని రసూలియాలో క్వేకర్ల సేవా సంప్రదాయానికి చెందిన ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ పనిచేస్తుండేది. బన్‌ఖేడీ బ్లాకులోని పలియా పిపరియా గ్రామంలో కిశోర్ భారతి అనే సంస్థ కొత్తగా ఏర్పడింది. దాని వ్యవస్థాపకుడు అనిల్ సద్గోపాల్ బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో అణుజీవశాస్త్రంలో పరిశోధన చేస్తూ ఆ ఉద్యోగం వదిలి గ్రామానికి వచ్చినవారు.

ఈ రెండు సంస్థలు కలిసి 1972లో మధ్యప్రదేశ్ విద్యాశాఖ ముందు ఒక ప్రతిపాదన ఉంచాయి. ఆరు నుండి ఎనిమిది తరగతులకు విజ్ఞానశాస్త్రాన్ని ప్రయోగాల ద్వారా, పరిసరాల పరిశీలన ద్వారా బోధించే అవకాశం కొన్ని ప్రభుత్వ పాఠశాలల్లో ఇవ్వాలన్నది దాని సారాంశం. విద్యాశాఖ 16 ప్రాథమికోన్నత పాఠశాలల్లో అనుమతి ఇచ్చింది. పాఠ్యాంశాలనూ పుస్తకాలనూ మార్చుకునే స్వేచ్ఛ, కాలక్రమంలో పరీక్షను మార్చుకునే స్వేచ్ఛ కూడా ఆ అనుమతిలో భాగమయ్యాయి. ఈ చివరి అంశానికి చరిత్రకారులు ఇవ్వవలసినంత ప్రాధాన్యం దక్కలేదనిపిస్తుంది.

ఇవి ప్రత్యేకంగా నెలకొల్పిన ఆదర్శ పాఠశాలలు కావని గుర్తించాలి. అవే భవనాలు, ప్రభుత్వ జీతం తీసుకునే అదే ఉపాధ్యాయులు, అదే తనిఖీ యంత్రాంగం. ఎంపికచేసిన పిల్లలూ కారు. ఆ ఊళ్లలో బడికి వచ్చే పిల్లలే. బయటినుండి వచ్చింది మేధాపరమైన తోడ్పాటు. అఖిల భారత విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయ సంఘంలోని భౌతికశాస్త్ర అధ్యయన బృందం, టాటా సంస్థ శాస్త్రవేత్తలు, ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు క్రమంగా ఇందులో భాగస్వాములయ్యారు. పరిశోధనశాలల్లో పనిచేసేవారు ఆరవ తరగతి పాఠం రాయడానికి, ఆ పాఠాన్ని గ్రామీణ ఉపాధ్యాయులతో కలిసి చేసి చూడడానికి, వారు తప్పు చూపితే తిరిగి రాయడానికి సిద్ధపడడం ఆనాటి విద్యారంగంలో అరుదైన విషయం.

3. జవాబులు లేని పుస్తకం

కార్యక్రమం రూపొందించిన పుస్తకాల పేరు ‘బాల్ వైజ్ఞానిక్’. అంటే బాల శాస్త్రవేత్త. వీటిని రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థే ముద్రించింది. మామూలు పాఠ్యపుస్తకంలో సమాచారం ముందు, ప్రశ్నలు చివర ఉంటాయి. ఈ పుస్తకంలో చేయవలసిన పనులు, వాటి మధ్యలో ప్రశ్నలు ఉంటాయి, జవాబులు ఉండవు. నలుగురేసి పిల్లలు ఒక జట్టుగా కూర్చుని ప్రయోగం చేస్తారు, చూసింది నోటుపుస్తకంలో రాసుకుంటారు, తర్వాత తరగతి మొత్తం కలిసి చర్చిస్తుంది. ఆ విధంగా పుస్తకంలో లేని సగం విద్యార్థి నోటుపుస్తకంలో తయారవుతుంది.

కొలతల పాఠం ఈ పద్ధతిని స్పష్టంగా చూపుతుంది. ఒకే వస్తువు పొడవును తరగతిలోని పిల్లలంతా విడివిడిగా కొలిస్తే అందరి అంకెలూ ఒకటిగా రావు. సాధారణ తరగతిలో ఉపాధ్యాయుడు ఒక అంకెను ‘సరైనది’గా ప్రకటించి మిగతావి కొట్టివేస్తాడు. ఇక్కడ ఆ తేడాయే పాఠ్యవస్తువు. తేడా ఎందుకు వచ్చింది, ఎంత తేడాను సహించవచ్చు, ఏ అంకె చుట్టూ ఎక్కువ కొలతలు చేరాయి అన్నవి చర్చకు వస్తాయి. సంభావ్యత పాఠంలోనూ ఇంతే. నాణేలు ఎగరవేసి ఫలితాలు నమోదు చేసి, తరగతి మొత్తం ఫలితాలను ఒకచోట కూర్చినప్పుడు ఒక్కరి ఫలితాలలో కనిపించని క్రమం కనిపించడం మొదలవుతుంది. ఉపాధ్యాయుని మాటకన్నా నమోదు చేసిన ఆధారానికి ఎక్కువ విలువ ఉంటుందన్న విషయాన్ని ఎవరూ ఉపన్యాసంగా చెప్పనవసరం లేకపోయింది.

పరికరాల కొరత అన్న అభ్యంతరానికి కూడా ఆచరణలోనే జవాబు దొరికింది. పాఠశాలకు ఒక పరికరాల పెట్టె అందేది. అందులోని వస్తువుల్లో చాలా భాగం చవకైనవి, స్థానికంగా దొరికేవి. 1978లో టెల్కో సంస్థ నుండి సెలవు తీసుకుని వచ్చిన యువ ఇంజనీరు అరవింద్ గుప్తా సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలను, అగ్గిపుల్లలను కలిపి త్రిభుజాలు, ఘనాలు, నిర్మాణాల నమూనాలు తయారుచేసే పద్ధతిని ఇక్కడే రూపొందించారు. చెత్తనుండి ఆటవస్తువులు అన్న ఆయన తర్వాతి కృషి అంతటికీ మూలం ఈ సంతల్లో, ఈ బడుల్లో ఉంది.

పుస్తకంలో ఏమి చేర్చారో, ఏమి చేర్చలేదో రెండూ ముఖ్యమే. పరమాణువులు, అణువుల పాఠం ఇందులో లేదు. ఈ వయసు పిల్లలు తమ ప్రయోగాల ద్వారా చేరుకోలేని భావనను కేవలం నమ్మకంమీద బోధించడం తమ పద్ధతికి విరుద్ధమని రూపకర్తలు భావించారు. సూత్రబద్ధమైన నిర్ణయమే ఇది, కాని దానికి మూల్యం ఉంది. తొమ్మిదవ తరగతిలో అడుగుపెట్టిన విద్యార్థికి పరమాణు నిర్మాణం ఎదురవుతుంది. ఇతర జిల్లాల విద్యార్థి ఆ పదాలను కనీసం విని ఉంటాడు. ‘మా పిల్లలకు పరమాణువంటే తెలియదు’ అన్న తల్లిదండ్రుల ఆందోళనను అజ్ఞానంగా కొట్టివేయడం న్యాయం కాదు.

4. పరీక్ష

పాఠం మార్చి పరీక్షను పాతదిగా ఉంచిన సంస్కరణలు భారతదేశంలో అనేకం. ఉపాధ్యాయుడు మార్చి నెలను దృష్టిలో పెట్టుకునే జూన్‌లో పాఠం మొదలుపెడతాడన్నది ప్రతి అధ్యాపకుడికీ అనుభవంలో ఉన్న విషయమే. హోషంగాబాద్ రూపకర్తలు ఈ సత్యాన్ని తొలిదశలోనే గుర్తించి, ప్రభుత్వాన్ని ఒప్పించి, ఎనిమిదవ తరగతి పరీక్షలో విజ్ఞానశాస్త్రానికి ప్రత్యేక ప్రశ్నపత్రాన్ని సాధించుకున్నారు.

ఆ పరీక్షకు విద్యార్థి పుస్తకాన్ని, సంవత్సరమంతా తాను రాసుకున్న నోటుపుస్తకాన్ని వెంట తీసుకువెళ్లవచ్చు. పుస్తకంలో జవాబులు లేవు కాబట్టి తెరిచినా నకలు చేయడానికి ఏమీ దొరకదు. ప్రయోగం చేసినవాడి నోటుపుస్తకం వాడికి పనికొస్తుంది. పక్కవాడి నుండి ఎక్కించుకున్నవాడికి ఏ పుటలో ఏముందో వెదకడమే కష్టమవుతుంది. రాతపరీక్షతోపాటు ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. కొత్తగా ఇచ్చిన పట్టికను చదివి నిర్ణయానికి రావడం, ఒక ప్రయోగంలో లోపం ఎక్కడుందో చెప్పడం, ఎన్నడూ చూడని వస్తువుల సమూహాన్ని ఏదైనా ఒక లక్షణం ఆధారంగా వర్గీకరించడం వంటివి ప్రశ్నలుగా వచ్చేవి.

ఇలాంటి ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. అప్పుడు మార్కులు వేయడం ఎలా? ప్రభుత్వ పరీక్షా వ్యవస్థకు అసలు భయం ఇక్కడే. తప్పు-ఒప్పు పట్టీ చేతిలో లేకుండా వేలకొలది జవాబుపత్రాలు దిద్దడం సాధ్యంకాదని అది నమ్ముతుంది. హోషంగాబాద్‌లో ప్రశ్నపత్రాన్ని ఉపాధ్యాయులు, విషయనిపుణులు కలిసి కార్యశాలలో తయారుచేసేవారు. దిద్దేటప్పుడు ముందుగా కొన్ని జవాబుపత్రాలు చదివి, పిల్లలు నిజంగా ఎన్ని రకాలుగా ఆలోచించారో చూసి, ఆ తర్వాతే మార్కుల ప్రమాణాలు నిర్ణయించుకునేవారు. పిల్లల జవాబు ప్రమాణాన్ని ప్రభావితం చేయడమన్నది సాధారణ పరీక్షా భవనంలో ఊహించలేని విషయం.

ఈ ఏర్పాటువల్ల అధికారం కొంత మేరకు చేతులు మారింది. ఏది నేర్చుకున్నట్టు లెక్క అన్న నిర్ణయం రాష్ట్ర రాజధానిలోని కార్యాలయం నుండి, విద్యార్థి ముఖం ఎరిగిన ఉపాధ్యాయుని దగ్గరికి వచ్చింది. విమర్శనాత్మక చింతన ఈ బడుల్లో నిలబడడానికి పరికరాల పెట్టె ఎంత కారణమో, ఈ బదిలీ అంతకంటే పెద్ద కారణం.

5. సమావేశాలు, సవాలీరామ్

ఉపాధ్యాయులకు వేసవిలో సుమారు మూడు వారాల శిక్షణ ఉండేది. అక్కడ ఉపన్యాసాలు తక్కువ. పిల్లలు చేయబోయే ప్రయోగాలను ముందుగా ఉపాధ్యాయులే జట్లుగా కూర్చుని చేసేవారు. విద్యాసంవత్సరంలో నెలకోసారి సమీప కేంద్రంలో సమావేశమై తరగతిలో ఎదురైన చిక్కులు చెప్పుకునేవారు. ‘హోషంగాబాద్ విజ్ఞాన్’ పేరుతో ఒక పత్రిక వెలువడేది. కాలక్రమంలో ఈ ఉపాధ్యాయుల్లోనే అనేకులు ఇతరులకు శిక్షణ ఇచ్చేవారయ్యారు.

పిల్లల ప్రశ్నలకోసం సృష్టించిన కల్పిత పాత్ర సవాలీరామ్. హిందీలో సవాల్ అంటే ప్రశ్న. పిల్లలు తమకు తోచిన సందేహాలు సవాలీరామ్‌కు ఉత్తరాలుగా రాసేవారు, జవాబులు అందేవి. పాఠంతో సంబంధం లేని ప్రశ్నకు కూడా ప్రభుత్వ బడి పిల్లవాడికి ఒక చిరునామా ఉండడం చిన్న విషయమేమీ కాదు.

6. విస్తరణ, విమర్శ, విరమణ

1978లో కార్యక్రమం జిల్లాలోని ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాలలన్నింటికీ, అంటే రెండువందలకు పైగా బడులకు విస్తరించింది. 1982లో దీని నిర్వహణకోసం, ఇతర పాఠ్యాంశాలకు విస్తరించడం కోసం ఏకలవ్య అనే సంస్థ ఏర్పడింది. విస్తరణ తర్వాతి సంవత్సరాలలో మధ్యప్రదేశ్‌లోని మరికొన్ని జిల్లాలకు చేరి, చివరిదశకు పాఠశాలల సంఖ్య సుమారు వెయ్యి అయింది. 1980ల మధ్యనుండి ఏకలవ్య సాంఘికశాస్త్రంలోనూ ఇటువంటి ప్రయోగాన్ని కొద్ది ప్రభుత్వ పాఠశాలల్లో నిర్వహించింది.

పదహారు బడుల్లో ఉత్సాహంతో నడిచినది వెయ్యి బడుల్లో అదే స్థాయిలో నడవలేదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు బదిలీ అయితే ఆ స్థానంలోకి పద్ధతి తెలియని వ్యక్తి వచ్చేవాడు. విరిగిన, అయిపోయిన పరికరాలు సకాలంలో తిరిగి వచ్చేవి కావు. నెలవారీ సమావేశాలకు హాజరు తగ్గేది. ఇవన్నీ కార్యక్రమాన్ని సమర్థించినవారే దాచకుండా రాసిన విషయాలు. సుశీల్ జోషి రాసిన కార్యక్రమ చరిత్ర ‘జశ్న్-ఎ-తాలీమ్’ ఈ సందర్భంలో ప్రధాన ఆధార గ్రంథం.

విరమణ 2002లో వచ్చింది. హోషంగాబాద్ జిల్లా ప్రణాళికా సంఘం కార్యక్రమాన్ని ఆపాలని తీర్మానించింది. ఆ సంవత్సరమే రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నిలిపివేసి, మిగతా రాష్ట్రంలోని పుస్తకాలనే ఇక్కడా ప్రవేశపెట్టింది. పదవ తరగతి ఫలితాలు బాగా లేవని, రాష్ట్రమంతటా ఒకే పాఠ్యప్రణాళిక ఉండాలని కారణాలు చెప్పారు. జిల్లా ఫలితాలు ఇతర జిల్లాలకన్నా వెనుకబడి లేవని ఏకలవ్య గణాంకాలతో వాదించింది. దేశంలోని అనేకమంది శాస్త్రవేత్తలు, విద్యావేత్తలు నిర్ణయాన్ని పునఃపరిశీలించాలని కోరారు. ఫలితం లేకపోయింది. ఏకలవ్య సాంఘికశాస్త్ర కార్యక్రమం కూడా ఆ సంవత్సరంతోనే ముగిసింది.

ఈ ఘట్టంలో రెండు వైరుధ్యాలు ఉన్నాయి. అప్పటి దిగ్విజయ్ సింగ్ ప్రభుత్వం అధికార వికేంద్రీకరణకు దేశవ్యాప్తంగా పేరుపొందింది. ఉపాధ్యాయునికి నిర్ణయాధికారం ఇచ్చిన అరుదైన ప్రయోగం ముగింపు తీర్మానం ఆ వికేంద్రీకృత సంస్థనుండే వెలువడింది. అధికారాన్ని జిల్లాకు దించడం, తరగతి గదికి దించడం ఒకటి కావని ఇంతకంటే స్పష్టమైన దృష్టాంతం కష్టం.

రెండవది ఇంకా కీలకం. ఎనిమిదవ తరగతి వరకు పిల్లవాడిని ఒక పరీక్ష కొలిచింది. కార్యక్రమాన్ని మాత్రం పదవ తరగతి బోర్డు పరీక్ష కొలిచింది. ఆ పరీక్ష ప్రయోగాన్ని గాని, తర్కాన్ని గాని అడగదు; జ్ఞాపకాన్ని అడుగుతుంది. స్వతంత్ర చింతనకు శిక్షణ పొందిన విద్యార్థి ఆ పరీక్షలో ఇతరులతో సమానంగా నిలిచాడన్న ఏకలవ్య వాదన నిజమే కావచ్చు. అయితే ఆ వాదనను ఎత్తుకోవడంతోనే చర్చ ప్రత్యర్థి మైదానంలోకి వెళ్లిపోయింది. పిల్లలు ఆధారాన్ని ఎలా తూకం వేస్తున్నారు, తెలియని సమస్యను ఎలా ఎదుర్కొంటున్నారు అన్న ప్రశ్న ఆ నిర్ణయంలో ఎక్కడా ప్రమాణం కాలేదు. ఉన్నత పాఠశాల పరీక్షను మార్చే అధికారం మొదటినుండీ కార్యక్రమం చేతిలో లేదు. ముప్పయ్యేళ్లలో దాన్ని సంపాదించుకోలేకపోవడమే ఈ ప్రయోగపు అసలు బలహీనతగా గుర్తించవలసి ఉంటుంది.

7. తెలుగు రాష్ట్రాల అనుబంధం

కార్యక్రమం ఆగిన మూడేళ్లకు, 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం వెలువడింది. దాని సారథ్య సంఘానికి అధ్యక్షుడు యశ్‌పాల్. హోషంగాబాద్ అనుభవానికి ఆయన పాతమిత్రుడు. పిల్లలు జ్ఞానాన్ని తామే నిర్మించుకుంటారన్న దృక్పథం ఆ పత్రానికి పునాది. విద్యాహక్కు చట్టం (2009) 29వ విభాగం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని నిర్దేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ రెండింటి వెలుగులో 2011లో రాష్ట్ర పాఠ్యప్రణాళికా చట్రాన్ని రూపొందించుకుని, 2012 నుండి కొత్త పాఠ్యపుస్తకాలు ప్రవేశపెట్టింది. ఆ పుస్తకాల రూపకల్పనలో సలహాదారులుగా ఏకలవ్య సంప్రదాయం నుండి వచ్చినవారు కూడా పాల్గొన్నారు. ఆ విధంగా మధ్యప్రదేశ్‌లో మూసిన తలుపు గుండా రావలసినది తెలుగు బడికి మరో దారిలో చేరింది.

విజ్ఞానశాస్త్ర పుస్తకాలలో విద్యాప్రమాణాల జాబితా కనిపిస్తుంది. విషయావగాహన తర్వాత రెండవ స్థానం ‘ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం’ అన్నదానిది. ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు ఆ వెంటనే వస్తాయి. హోషంగాబాద్‌తో పోలిస్తే ఇక్కడ ఒక అడుగు ముందుకు పడిందనాలి: 2014–15 నుండి పదవ తరగతి పరీక్షలోనే మార్పు తెచ్చారు. రాతపరీక్షకు 80, అంతర్గత మూల్యాంకనానికి 20 మార్కులు కేటాయించి, ప్రశ్నపత్రాన్ని విద్యాప్రమాణాల ఆధారంగా రూపొందించారు. ఏ బోర్డు పరీక్ష హోషంగాబాద్‌ను ఓడించిందో, ఆ స్థాయి పరీక్షలోకే ‘ప్రశ్నించడం’ మార్కులతో సహా ప్రవేశించింది.

అయితే ఇక్కడ మారింది ప్రశ్నల రకం. మూల్యాంకన అధికారం కాదు. ఒకే జవాబు ఉండని ప్రశ్నను, దూరాన ఉన్న మూల్యాంకన కేంద్రంలో, విద్యార్థిని ఎరుగని వ్యక్తి నిర్ణీత సమయంలో దిద్దవలసి వచ్చింది. పిల్లల జవాబులు చదివి ఆ తర్వాత ప్రమాణం నిర్ణయించుకునే కార్యశాలకు ఈ ఏర్పాటులో చోటు లేదు. అంతర్గత మార్కులు ఉపాధ్యాయుని చేతికి ఇచ్చినా, వాటిని ప్రైవేటు పాఠశాలలు ఉదారంగా వేసుకుంటున్నాయన్న అనుమానం తొలినుండీ వెంటాడింది. అనుమానం నిరాధారమని అనలేము. కాని దానికి విరుగుడుగా ఉపాధ్యాయులు ఒకచోట కూర్చుని పరస్పరం జవాబులు చదువుకునే వ్యవస్థ ఏర్పడలేదు.

ఆ ఖాళీని మార్కెట్ నింపింది. పాఠ్యపుస్తకంలో ‘ఈ అంశంపై మీ ఉపాధ్యాయుణ్ణి ఏయే ప్రశ్నలు అడుగుతారు?’ అన్న తరహా అభ్యాసం ఇస్తే, గైడ్లలో ఆ అభ్యాసం కింద అడగవలసిన ప్రశ్నలు వరుస సంఖ్యలతో ముద్రితమై వచ్చాయి. విద్యార్థులు వాటిని కంఠస్థం చేశారు.